గట్టు మీద నాటు మొక్క.. చేనుకు కాపలా

చేను చుట్టూ ఉన్న గట్టును చాలామంది రైతులు దండగ నేల కింద లెక్కేస్తారు. ఏటా గడ్డి చెక్కడం, ఎండాకాలంలో నిప్పు పెట్టడం తప్ప దాని సంగతి పట్టించుకోరు. నిజానికి పంటను తినే పురుగును తిని బతికే పిట్టలు, పూతను పిందెగా మార్చే తేనెటీగలు, ఎలుకలను పట్టే గుడ్లగూబలు తలదాచుకునేది ఆ గట్టు మీదే. గట్టు బోడిగా ఉంటే వాటికి నిలువ నీడ ఉండదు. అవి పోయిన చోట ఆ పనంతా రైతు డబ్బు పెట్టి చేసుకోవాలి. ఎకరం, రెండెకరాల ఆసామికి అది చిన్న ఖర్చు కాదు. మన ప్రాంతపు నాటు మొక్కలను గట్ల మీద, పెరట్లో పెంచుకుని ఈ జీవాలను తిరిగి రప్పించుకోవడం ఎలాగో చూద్దాం.

మందు ఒక్కటే చాలదు

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి మీద పొగాకు లద్దె పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టినా పురుగు లొంగలేదు. పంట పోయి, అప్పు మిగిలి ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఒకే రకం మందులు పదే పదే కొడితే పురుగు తట్టుకునే శక్తి పెంచుకుంటుంది. దాన్ని తినే మిత్ర పురుగులు మాత్రం మొదటి పిచికారీకే చస్తాయి. తర్వాత పుట్టే పురుగుకు అడ్డు చెప్పేవాళ్లుండరు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఎక్కువసార్లు కొట్టిన పత్తిలో తెల్లదోమ ఉధృతి పెరగడానికి ఒక కారణం ఇదే.

మిత్ర పురుగులు చేనులో నిలవాలంటే వాటికి తిండి కావాలి. ఇక్కడే గట్టు పని మొదలవుతుంది. అల్లిక రెక్కల పురుగు పిల్లలు పేనుబంకను తింటాయి. కానీ రెక్కలొచ్చిన పెద్ద పురుగులు పూల తేనె, పుప్పొడి మీద ఆధారపడతాయి. సిర్ఫిడ్ ఈగ పిల్లలదీ అదే దారి. శనగపచ్చ పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టి చంపే ట్రైకోగ్రామా కూడా పూల తేనె దొరికితే ఎక్కువ రోజులు బతుకుతుంది. చేనులో పూత లేని రోజుల్లో వీటికి ఆధారం గట్టు మీది పూలే. పత్తి నాలుగాకుల మీద ఉన్నప్పుడు గట్టు మీద తంగేడో, వావిలో పూసి ఉంటే పేనుబంక రాగానే దాని శత్రువు పక్కనే సిద్ధంగా ఉంటుంది.

పిట్టలు చేసే పని

ఏట్రింతను కొన్ని చోట్ల పసులపోలిగాడు అంటారు. నల్లగా, తోక చీలి ఉంటుంది. పశువుల వెంట తిరుగుతూ లేచిన మిడతలను, రెక్కల పురుగులను గాలిలోనే పట్టేస్తుంది. పాలపిట్ట ఎత్తైన కొమ్మ మీద కూర్చుని నేల మీది మిడతలను, పెంకు పురుగులను ఏరుకుంటుంది. గోరింకలు, కొంగలు దుక్కి వెంట నడుస్తూ బయటపడ్డ పురుగులను, కోశస్థ దశలో ఉన్న వాటిని తినేస్తాయి. పిచ్చుక, గిజిగాడు గింజ తినే పిట్టలే అయినా గూట్లో పిల్లలకు పెట్టేది పురుగులనే.

గుడ్లగూబను అపశకునమని తరిమేస్తుంటాం. ఎలుక దానికి ఇష్టమైన తిండి. అది ఉండే చెట్టు కింద వెంట్రుకలు, సన్నని ఎముకలతో కూడిన ఉండలు కనిపిస్తాయి. మింగిన ఎలుకల్లో అరగనిదంతా అలా కక్కేస్తుంది. ఆ ఉండలు చూసిన రైతు దాన్ని తరమడు.

ఈ పిట్టల్లో చాలా వాటికి చెట్టు తొర్రలు కావాలి. పాలపిట్ట, గోరింక, గుడ్లగూబ తొర్రల్లో గుడ్లు పెడతాయి. మొండి తాటి బోదెను కూడా వదలవు. కాబట్టి ప్రమాదం లేని చోట ఉన్న ఎండు మోడును పొయ్యికోసం కొట్టేయకుండా ఒకటైనా ఉంచండి.

నాటు మొక్కే ఎందుకు?

మన పురుగులు, మన పిట్టలు, మన మొక్కలు వేల ఏళ్లుగా కలిసి బతికినవి. ఏ పువ్వుకు ఏ పురుగు, ఏ పండుకు ఏ పిట్ట అన్న పొత్తు వాటి మధ్య కుదిరి ఉంది. ఒక ఉదాహరణ చూడండి. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. అది కూడా సన్నని రంధ్రం ఉన్న సంచుల్లో ఉంటుంది. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుమ్మని అదిరిస్తే పుప్పొడి రాలుతుంది. వంకాయ పువ్వు నిర్మాణం కూడా అలాంటిదే. మామూలు తేనెటీగలకు ఈ విద్య రాదు. కాబట్టి వంగతోట పక్కన తంగేడు పొదలుంటే తుమ్మెదలు ఆ చుట్టుపక్కలే ఉండి వంగపూతకూ పనికొస్తాయి.

మొక్క పోతే పిట్ట ఎలా పోతుందో తెలియాలంటే కలివికోడిని తలచుకోవాలి. కలివి పొదల మధ్య తిరిగేది కాబట్టి దానికా పేరు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతపు చిట్టడవిలో మళ్లీ దొరికింది. దానికోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అది మన గట్టుకు వచ్చే పిట్ట కాదు. కానీ పొదలను పనికిరాని కంప కింద నరికేస్తే ఏమవుతుందో అది చెబుతోంది.

నాటు మొక్కతో రైతుకు మరో సౌలభ్యం ఉంది. ఒకటి రెండేళ్లు కాపాడితే ఆ తర్వాత నీరు, ఎరువు అడగదు. విత్తనం, కొమ్మ ఊళ్లోనే దొరుకుతాయి. తెలంగాణ రాష్ట్ర చెట్టు జమ్మి, పువ్వు తంగేడు, పక్షి పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చెట్టు వేప. ఇవన్నీ మన చేల గట్ల మీద ఉండేవే.

ఏడాది పొడవునా పూత, పండు

ఒకే రకం మొక్కలు పది వేస్తే అన్నీ ఒకేసారి పూసి ఊరుకుంటాయి. మిగతా నెలల్లో తేనెటీగలు ఆకలితో వేరే చోటికి పోతాయి. ఏ కాలంలోనైనా ఏదో ఒకటి పూసేలా కలిపి వేసుకోవాలి.

* మాఘ, ఫాల్గుణ మాసాలు: మోదుగ, బూరుగ, జమ్మి. ఎర్రగా పూసిన మోదుగ మీద తేనెపిట్టలు, గోరింకలు, పికిలి పిట్టలు వాలతాయి.
* చైత్ర, వైశాఖాలు: వేప, కానుగ, నేరేడు. చేలు ఖాళీగా ఉండే ఎండాకాలంలో తేనెటీగలను బతికించేవి ముఖ్యంగా ఇవే.
* వానాకాలం: నల్లతుమ్మ, వావిలి, తంగేడు. బతుకమ్మ నాటికి తంగేడు నిండుగా ఉంటుంది. గట్టున మొలిచే తుమ్మి మొక్కను కూడా వదిలేయండి, దాని తెల్లపూలకు తేనెటీగలు బాగా వస్తాయి.
* చలికాలం: రేగు పండ్లు. వానల చివర్లో రేగు పూతకు చిన్న ఈగలు, కందిరీగలు మూగుతాయి. సంక్రాంతికి పండ్లు మనకూ, పిట్టలకూ సరిపోతాయి.

మేడి చెట్టు (కొన్ని చోట్ల అత్తి అంటారు) ఏడాదిలో పలుసార్లు కాస్తుంది. వేరే పండ్లు లేని రోజుల్లో పిట్టలను ఆదుకుంటుంది. బావి దగ్గర, వాగు ఒడ్డున ఒక్కటుంటే చాలు.

గట్టు మీద ఎలా వేసుకోవాలి?

ఎకరం చేను నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు గట్టు సుమారు 60 మీటర్లు ఉంటుంది. మొదటి ఏడాది ఒక్క గట్టుతో మొదలుపెట్టండి. రెండు మూలల్లో రెండు చెట్లు, మధ్యలో 3 మీటర్లకు ఒకటి చొప్పున 18, 20 పొద మొక్కలు పడతాయి.

మూలల్లో చెట్లు: వేప, కానుగ, జమ్మిలో ఏవైనా రెండు. జమ్మి వేరు లోతుకు పోతుంది, నీడ పలచగా ఉంటుంది, మెట్ట చేలకు బాగా సరిపోతుంది. కాకపోతే నిదానంగా పెరుగుతుంది. కానుగ ఆకు పచ్చిరొట్టగా మడికి పనికొస్తుంది. వేప గింజలు కషాయానికి పనికొస్తాయి. 5 కిలోల వేప గింజల పప్పు పొడిని గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, పిండి వడపోసి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తం 100 లీటర్లు చేస్తే 5 శాతం కషాయం తయారవుతుంది.

మధ్యలో పొదలు: తంగేడు, వావిలి, గోరింట, వాక్కాయ లేదా కలివి, అడ్డసరం. వీటిలో తంగేడు, వావిలి, అడ్డసరాన్ని మేకలు, పశువులు సాధారణంగా ముట్టవు. కంచె లేని చేలకు ఇది పెద్ద లాభం. వావిలి ఆకును ఎండబెట్టి ధాన్యం గాదెల్లో పొరలు పొరలుగా వేస్తే నిల్వ పురుగు తగ్గుతుందని మన పెద్దలకు తెలిసిందే.

నాటే సమయం: మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నేల బాగా తడిశాక నాటాలి. చెట్లకు 45 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు ఎండాకాలంలోనే తీసి ఆరనివ్వాలి. పైమట్టిలో రెండు గంపల మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పొదలకు 30 సెం.మీ. గుంత చాలు.

విత్తనం సంగతి: వేప గింజకు మొలిచే శక్తి కొద్ది వారాలే ఉంటుంది. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి నీడలో ఆరబెట్టి, రెండు వారాల్లోపు విత్తుకోవాలి. తంగేడు, తుమ్మ గింజల పైపొర గట్టిది. నీటిని మరిగించి దించి, కాస్త వేడి తగ్గాక గింజలు వేసి రాత్రంతా నానబెడితే బాగా మొలుస్తాయి. మేకల దొడ్లో పెంటతో పాటు దొరికే తుమ్మ గింజలు ఇంకా మేలు. వావిలి, గోరింట, మేడిని కొమ్మ ముక్కలతోనే నాటుకోవచ్చు. వేలు లావు, జానెడున్నర పొడవు ఉన్న ముదురు కొమ్మ తీసుకుని సగానికి పైగా నేలలో ఉండేలా పాతాలి.

మొదటి వేసవి గండం గట్టెక్కాలి. మొక్క పక్కన అడుగున చిన్న రంధ్రం చేసి గుడ్డ పీలిక దూర్చిన పాత కుండను పాతి, వారానికోసారి నింపితే చాలు. మొదట్లో ఎండుగడ్డి కప్పితే తేమ నిలుస్తుంది.

చెట్లు ఎదిగేలోపు ఎకరాకు 10 నుంచి 15 పంగ కర్రలు చేనులో నిలబెట్టండి. పురుగు తినే పిట్టలు వాటి మీద వాలతాయి. జొన్న, సజ్జ వంటి పైర్లు గింజ పాలు పోసుకునే దశకు రాగానే వాటిని తీసేయాలి. పిట్టలు వాలే చోట రెట్టలతో పడ్డ వేప, రేగు గింజలు వాటంతటవే మొలుస్తాయి. ఖర్చు లేని నారు అది. తీసి కావలసిన చోట నాటుకోండి.

పెరట్లో ఇలా

రెండు మూడు సెంట్ల పెరడున్నా చాలు. మూలన ఒక కరివేపాకు చెట్టు, దడి వెంట గోరింట, వాక్కాయ, దడి మీద దొండ తీగ, వాకిట్లో తులసి ఉంటే పిచ్చుక నుంచి సీతాకోకచిలుక దాకా అన్నీ వస్తాయి. కరివేపాకు పండ్లను పికిలి పిట్టలు, కోకిలలు తింటాయి. ఒత్తుగా పెరిగిన గోరింట దడిలో చిన్న పిట్టలు పిల్లి బారిన పడకుండా దాక్కుంటాయి.

కాకర, దోస, గుమ్మడి తీగలకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయి. ఈగ వాలకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. పెరట్లో పూల మొక్కలుంటే ఈ సమస్య తగ్గుతుంది. పొద్దుతిరుగుడుదీ అదే కథ. పూత దశలో ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య చేతికి మెత్తని గుడ్డ చుట్టి పూలను రుద్దమని శాస్త్రవేత్తలు చెప్పేది తేనెటీగల కొరత తీర్చడానికే. తేనెటీగలుంటే ఆ కూలీ మిగులుతుంది, తాలు గింజలు తగ్గుతాయి.

ఎండాకాలం వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పోసి నీడన పెట్టండి. అందులో రెండు రాళ్లు, ఒక పుల్ల వేస్తే తేనెటీగలు మునిగి చావవు.

గట్టు మీద ఉండకూడనివి

నాటు మొక్కలు పెంచడమంటే గట్టును కలుపుకు వదిలేయడం అనుకోవద్దు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు ఊడ్చేసింది. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కల్లో ఉంటుంది. దాని పుప్పొడి, తామర పురుగుల ద్వారా చేనుకు చేరుతుంది. కాబట్టి వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలి. పత్తి వేసే చోట తుత్తురు బెండను కూడా ఉంచవద్దు. పత్తిని ఆశించే పురుగులు పంట లేని రోజుల్లో దాని మీద బతుకుతాయి.

సర్కారు తుమ్మ, లంటానా బయటి దేశాల నుంచి వచ్చినవి. వాటి పూలకు తేనెటీగలు వచ్చినా, అవి గుబురుగా అల్లుకుని మన మొక్కలను లేవనివ్వవు. మొదలంటా తవ్వి తీసి, ఆ స్థానంలో నాటు పొదలు వేయండి. గ్లైరిసీడియా కూడా బయటిదే అయినా పచ్చిరొట్టకు మంచిది. ఉంటే ఉంచుకోండి, గట్టంతా అదొక్కటే కాకుండా చూసుకోండి. కాపుకొచ్చిన సీతాఫలం చెట్లనూ తీసేయాల్సిన పని లేదు.

రైతుల సందేహాలు

నీడకు పంట దెబ్బతినదా? చెట్టు దగ్గర కొన్ని సాళ్లు దెబ్బతినే మాట నిజమే. రబీ కాలంలో పొద్దు దక్షిణానికి వాలి ఉంటుంది, నీడ ఉత్తరం వైపు పడుతుంది. అందుకే చేనుకు దక్షిణపు గట్టున పెద్ద చెట్లు వద్దు, పొదలే వేయాలి. ఉత్తరపు గట్టున చెట్టు వేస్తే నీడ పక్క రైతు చేను మీద పడుతుంది. ముందే మాట్లాడుకోండి. బాట, వాగు, బావి ఉన్న వైపు అయితే ఏ పేచీ ఉండదు. ఏటా విత్తే ముందు కింది కొమ్మలు నరికితే వంటచెరకు, పచ్చిరొట్ట చేతికొస్తాయి.

పిట్టలు గింజలు తినవా? చిలకలు, పిచ్చుకలు జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడును తింటాయి. ఈ పంటలకు గింజ గట్టిపడే రెండు మూడు వారాలు కాపలా తప్పదు. గట్టున మొక్కలు లేకపోయినా ఆ కాపలా తప్పదు కదా. పత్తి, కంది, శనగ, వేరుశనగ, కూరగాయల రైతుకు పిట్టల వల్ల మేలే ఎక్కువ.

వేరు పురుగు పెరగదా? వేరుశనగలో వేరు పురుగు తల్లి పెంకు పురుగులు తొలకరి వానలు పడగానే రాత్రిపూట వేప, రేగు చెట్ల మీదికి చేరి ఆకు తింటాయి. అన్నీ ఒకచోట దొరకడం రైతుకు అవకాశమే. ఊరంతా కలిసి ఆ నాలుగైదు రాత్రులు కొమ్మలు దులిపి, రాలిన పురుగులను ఏరి కిరోసిన్ కలిపిన నీటిలో వేస్తే చేనులో పురుగు బాగా తగ్గుతుంది. ఒక్కరే చేస్తే ఫలితం తక్కువ.

నిమ్మతోట ఉన్నవారు? కరివేపాకు, మారేడు, నిమ్మ ఆకులను ఒకే సీతాకోకచిలుక పిల్లలు తింటాయి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉంటాయి. లేత నిమ్మ మొక్కలున్న వారు తోట గట్టున కరివేపాకు, మారేడు వేయకపోవడం మంచిది.

అడవి పందులు, పాములు చేరవా? పంది దాక్కునేది ఒత్తయిన కంపలో. అడవి పక్కన చేలున్నవారు పొదల మధ్య 4, 5 మీటర్ల దూరం పాటించి, మొదట్లో కొమ్మలు కొట్టి పలచగా ఉంచాలి. పందుల కోసం కరెంటు తీగలు మాత్రం పెట్టవద్దు. రాత్రి నీరు కట్టడానికి వచ్చిన రైతులే వాటికి బలవుతున్నారు. పాముల విషయానికొస్తే, గట్ల మీద తరచూ కనిపించే జెర్రిపోతుకు విషం లేదు, అది ఎలుకలను తింటుంది. అయితే విషపు పాములూ ఉంటాయి. చీకట్లో చేనుకు వెళ్లేటప్పుడు లైటు, కాళ్లకు బూట్లు ఉండాలి.

గుర్తుంచుకోండి

* గట్లకు నిప్పు పెట్టవద్దు. చాలా రకాల తేనెటీగలు, కందిరీగలు గట్టు మట్టిలోనే గూళ్లు పెడతాయి.
* మందు తప్పనిసరైతే పూత మీద ఉదయం పూట కొట్టవద్దు. సాయంత్రం తేనెటీగలు గూటికి చేరాక కొట్టండి. గాలి గట్టు వైపు వీస్తుంటే ఆగండి.
* ఒక గట్టు మీద కనీసం ఐదారు రకాల మొక్కలు ఉండాలి.
* పక్క రైతులు నలుగురు కలిసి హద్దు గట్ల మీద వేసుకుంటే ఖర్చు, కాపలా పంచుకోవచ్చు. పిట్టకు హద్దురాళ్లు తెలియవు.
* మొదటి ఏడాదే అద్భుతాలు ఆశించవద్దు. పొదలు రెండో ఏడాదికి పూతకొస్తాయి. చెట్టు తొర్రకు ఏళ్లు పడుతుంది.

పురుగును రోజూ గమనించే అలవాటు కూడా కావాలి. వారానికోసారి చేనులో 20 మొక్కలు పరిశీలించి, శత్రు పురుగులతో పాటు అక్షింతల పురుగులు, సాలీళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మిత్ర పురుగులు తగినన్ని ఉంటే మందు డబ్బా తీయకుండా నాలుగు రోజులు ఆగవచ్చు. అలా ఒక్క పిచికారీ తగ్గినా ఆ డబ్బు రైతు జేబులోనే ఉంటుంది. గట్టు మీద వేసిన మొక్కకు పెట్టింది మాత్రం ఒక కొమ్మ ముక్క, రెండు గంపల ఎరువు.